అంబులెన్సు సినిమాకు నెత్తురే కొలతా?

సంపాదకులు గారికి,

న్యూయార్క్ అంబులెన్సు సిబ్బంది మీద వచ్చిన రెండు సినిమాలను పోలుస్తూ మీ గత సంచికలో వేసిన వ్యాసం చదివాను. ‘యాస్ఫాల్ట్ సిటీ’లో గాయాలూ కేకలూ కళ్ళకు కట్టినట్టున్నాయి కాబట్టి నిజానికి అదే దగ్గరట. మార్టిన్ స్కోర్సెసీ 1999లో తీసిన ‘బ్రింగింగ్ అవుట్ ది డెడ్’ మాత్రం ఓ బలహీనుడి పీడకలట. ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసి రిటైరైన నర్సుగా ఈ తీర్పును నేను ఒప్పుకోలేను.

నెత్తురు ఎవరికైనా అలవాటైపోతుంది. చేరిన కొత్తలో కళ్ళు తిరుగుతాయి. కొన్నాళ్ళకు చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా విప్పుతాం. మనిషిని లోపల్నుంచి తినేసేది వేరే ఉంది. స్కోర్సెసీ సినిమా దాన్నే పట్టుకుంది.

నికొలస్ కేజ్ వేసిన ఫ్రాంక్ పియర్స్ చాలాకాలంగా ఎవర్నీ బతికించలేకపోయాడు. ఉబ్బసంతో ఊపిరాడని రోజ్ అనే అమ్మాయి అతని చేతుల్లోనే పోయింది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించిన ప్రతి ముఖమూ అతనికి ఆమె ముఖమే. దీన్ని మీ వ్యాసకర్త బలహీనత అన్నారు. ఈ వృత్తి లెక్కలు ఆయనకు తెలిసినట్టు లేదు. అమెరికాలో ఆసుపత్రి బయట గుండె ఆగిపోయినవాళ్ళలో బతికి ఇల్లు చేరేది సుమారు నూటికి పదిమంది. అంటే పని ఎంత బాగా చేసినా ఎక్కువసార్లు జరిగేది ఓటమే. తెర మీదైతే ఛాతీకి షాక్ తగలగానే మనిషి లేచి కూర్చుని కూతురి పేరు పిలుస్తాడు! అలాంటివి చూసి చూసి, ఫ్రాంక్ లాంటి వాడు కనిపిస్తే మనకు పిరికివాడిలా తోస్తాడు.

బర్క్ అనే పెద్దాయన కథ చూడండి. ఫ్రాంక్ ఆయన గుండెను మళ్ళీ కొట్టుకునేలా చేస్తాడు. కూతురికి ఆశ పుడుతుంది. ఆసుపత్రిలో ఆ గుండె మాటిమాటికీ ఆగుతూనే ఉంటుంది, వాళ్ళు షాకులిచ్చి నడిపిస్తూనే ఉంటారు. తనను వదిలేయమని ఆయన అడుగుతున్నట్టు ఫ్రాంక్‌కు వినిపిస్తుంది. చివరికి అతను చేసే పనిని నేను సమర్థించడం లేదు. కానీ బతికించడం కూడా ఒక బరువై నెత్తిన కూర్చుంటుందని అంత సూటిగా చెప్పిన సినిమా నేనింకొకటి చూడలేదు. ఐసీయూ గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకులకు “ఇక దేవుడి దయ” అని చెప్పలేక పక్కకు తప్పుకున్న వాళ్ళకు ఆ సన్నివేశం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ సినిమాలో క్యాజువాల్టీ నర్సు ఒకామె ఉంది. మత్తుమందు పీల్చి గుండెదడతో వచ్చినవాడిని, నీ అంతట నువ్వే తెచ్చుకున్నదానికి మేమెందుకు చూడాలని నిలదీస్తుంది. జనం నవ్వుకునే ఘట్టం. నాకు నవ్వు రాలేదు. అలా కసురుకునే సిస్టర్లతో కలిసి పనిచేశాను. పడకలు లేక, స్ట్రెచర్లు వరండాలోకి వచ్చేసిన రాత్రుల్లో నోరు అలాగే తయారవుతుంది.

ఇక నోయెల్ అనే రోగి. మతి స్థిమితం లేదు, తీరని దాహం. పట్టుకొస్తారు, కట్టేస్తారు, వదిలేస్తారు, మర్నాడు మళ్ళీ పట్టుకొస్తారు. అతను దర్శకుడి ఊహలోంచి ఊడిపడలేదు. అమెరికాలో 1950ల మధ్యనుంచి పెద్ద పెద్ద మానసిక చికిత్సాలయాలను ఖాళీ చేస్తూ పోయారు. బయటికొచ్చినవాళ్ళకు ఊళ్ళలోనే వైద్యం అందిస్తామన్న మాట చాలాచోట్ల మాటగానే మిగిలింది. 1990ల మొదట్లో, ఆ కథ జరిగే కాలానికి, వాళ్ళలో ఎందరికో దిక్కు న్యూయార్క్ పేవ్‌మెంట్లే. ఎవరూ చూడని మనిషిని చివరికి అంబులెన్సు వాడే చూడాలి, ప్రతి రాత్రీ చూడాలి.

మూడు రాత్రుల కథలో ఫ్రాంక్ పక్కన ముగ్గురు మారతారు. ఒకడికి తిండి ధ్యాస, ఇంకొకడికి దేవుడి ధ్యాస. మూడోవాడు రోగులనే కొట్టడానికి సిద్ధమవుతాడు. తట్టుకోవడానికి ఎవరి దారి వాళ్ళది. ఫ్రాంక్‌కు ఏ దారీ లేదు. తనను ఉద్యోగంలోంచి తీసెయ్యమని పై అధికారిని బతిమాలుకుంటాడు. మనుషుల్లేరు, ఇవాళ్టికి వెళ్ళు, రేపు తీసేస్తానంటాడాయన. నా దృష్టిలో సినిమా మొత్తానికి ప్రాణం ఆ సంభాషణే. ఒత్తిడి ఎక్కడ పుడుతుందో అక్కడ తెలుస్తుంది: రోస్టర్‌లో. అన్నట్టు, వైర్‌లెస్‌లో ఫ్రాంక్‌ను ఒక కేసు నుంచి ఇంకో కేసుకు తరిమే గొంతుల్లో ఒకటి స్వయానా స్కోర్సెసీది.

‘యాస్ఫాల్ట్ సిటీ’ చెత్త సినిమా అనను. షానన్ బర్క్ నవల ‘బ్లాక్ ఫ్లైస్’ ఆధారంగా తీసి, 2023లో ఆ నవల పేరుతోనే కాన్ చిత్రోత్సవంలో చూపించారు. ఈ నవలా రచయిత పారామెడిక్‌గా పనిచేసినవాడే. స్కోర్సెసీ సినిమాకు మూలమైన నవల రాసిన జో కానెలీ కూడా అంతే. ఈ కొత్త సినిమాలో షాన్ పెన్ బాగా చేశాడు. అప్పుడే పుట్టిన బిడ్డ విషయంలో అతని పాత్ర తీసుకున్న నిర్ణయం చుట్టూ నడిచే భాగం నిద్ర పట్టనివ్వదు. కానీ మిగతాదంతా కొత్తగా చేరిన కుర్రాడి బెదురు చూపుల్లోంచే చూపించారు. దాంతో ఆ పేటల్లో ఉండే పేదలు, వలస వచ్చినవాళ్ళు కేకలు వేసే గుంపుగా తప్ప మనుషులుగా కనపడరు. తప్పంతా ఊరిదీ రోగులదీ అయిపోతుంది. కొత్తవాడికి అలా కనిపించడం నిజమే కావచ్చు. దర్శకుడు కూడా అక్కడే ఆగిపోతే ఎలా? నర్సు కసురు వెనకున్న రాత్రిని, నోయెల్ దాహం వెనకున్న ప్రభుత్వ నిర్ణయాన్ని పాత సినిమా మరవలేదు.

1999లో ఆ సినిమాకు డబ్బులు రాలేదని వ్యాసంలో ఎత్తిపొడిచారు. నిజమే, ఆడలేదు. ఆడనివన్నీ అబద్ధాలు కావు కదా.

చివరిగా ఒక విన్నపం. మన దగ్గర 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఆ బండి తోలేవారిని పైలట్ అంటారు, వెనక రోగితో కూర్చునేవారిని ఈఎంటీ అంటారు. ఇన్నేళ్ళలో వాళ్ళ రాత్రుల మీద ఒక్క తెలుగు సినిమా కూడా నా కంటపడలేదు. మన తెర మీద అంబులెన్సు అంటే క్లైమాక్సులో వినపడే సైరనే. సినిమా సంగతి అలా ఉంచి, ఈ రెండింటి మీద మళ్ళీ వ్యాసం వేస్తే దాన్ని ఒక ఈఎంటీ చేత రాయించండి. వాళ్ళకు తీరిక దొరకడం కష్టం కాబట్టి గడువు మాత్రం కాస్త ఎక్కువ ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కాకినాడ