బ్యాంకులో శిష్యరికము

కొమార్తె బి.ఏ. నెగ్గినది, బ్యాంకులో అప్రెంటిసుగా చేర్పవచ్చునా యని ఏర్పేటినుండి సోదరి యొకరు మమ్మడిగియున్నారు. చేర్పవచ్చును, కాని యది యుద్యోగము కాదని ముందే యెఱుగవలెను. 2023లో స్టేట్ బ్యాంకువారు 20 మొదలు 28 ఏండ్ల పట్టభద్రులను 6,160 మందిని ఏడాది శిక్షణకు పిలిచిరి. నెలకు 15,000 రూపాయల భృతి. వేఱు భత్యములు లేవు. గడువు తీరినపిమ్మట కొలువిచ్చు పూచీ తమకు లేదనియు ప్రకటనలోనే చెప్పిరి. గుమాస్తా పరీక్షలో కొంత సడలింపు చూపవచ్చును, అంతే. స్థానికభాష వచ్చియుండవలె నన్నది మఱియొక నియమము. ఇది మాకు నచ్చినది. వృద్ధురాలి పొదుపుపుస్తకము చదివి, వడ్డీ యెంత పడినదో తెలుగున విప్పి చెప్పుట యే కళాశాలలోను నేర్పరు. ఆ యేడాది పెండ్లిమాటలు తలపెట్టక, సాయంకాలములందు వంటపని మీరే చూచుకొని, అమ్మాయిని గుమాస్తా పరీక్షకు చదువుకొననిండు.