గుమాస్తా కబుర్లు: గుమ్మంలో ప్రశ్న

మన సంఘం ఆఫీసులో వొక పాత కంప్యూటరు వున్న సంగతి సభ్యులకు తెలిసిందే. అందులో వున్నది విండోస్ ఎక్స్.పి. అది 2001లో పుట్టింది; 2014 ఏప్రిల్ 8తో కంపెనీవారు దాని ఆలనాపాలనా మానుకున్నారు. అందుచేత దానికి ఇంటర్నెట్టు తగిలించం. అయినా ఎందుకు వుంచుకున్నామంటే, యూనికోడు మన వాడుకలోకి రాకముందు టైపు చేసిన పాత సంచికలూ, ఏ కుటుంబం ఏ వూరినుంచి చెన్నపట్నం చేరిందో పెద్దలనడిగి కూర్చిన పట్టికా అందులోనే వున్నాయి. ఆ చెప్పిన పెద్దలలో కొందరు ఇప్పుడు లేరు.

యీ యంత్రానికి వొక చాదస్తం. మీట నొక్కగానే నల్లని తెరమీద రెండు పంక్తులు చూపి, ఏది కావాలో చెప్పమని 30 సెకండ్లు నిలబడుతుంది. ఒకప్పుడు మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు పాత ఎక్స్.పి.ని బాగుచేయక, డిస్కులోని పక్క భాగంలో మరొక ఎక్స్.పి. ఎక్కించి పోయాడు. రెండింటికీ పేరొకటే! రోజూ కార్యదర్శిగారే దాన్ని తెరిచేవారు. ఆయన కిందిబాణం మీట నొక్కి రెండో పంక్తి ఎంచుకునేవారని నేనెరగను.

ఒక ఆదివారం ఆయన యంత్రం తెరిచి కాఫీకి వెళ్ళారు. నేను వూరుకోలేక మై కంప్యూటర్ మీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీ దాకా వెళ్ళి, 30 వున్నచోట 0 వేశాను. అర నిమిషం ఆదా చేశానని సంబరం.

మరుసటి ఆదివారం యంత్రం అడక్కుండానే తెరుచుకుంది. తెరమీద మా బొమ్మలేవీ లేవు. వెతికి వెతికి పట్టిక తెరిస్తే, తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు! నా చేతులు చల్లబడ్డాయి. కార్యదర్శిగారు, "ఏం చేశావు నాయనా?" అన్నారు, అంతే.

మేనకోడలికి ఫోను చేశాను. సాయంత్రం వచ్చి చూసి నవ్వింది. "మావయ్యా, పట్టిక ఎక్కడికీ పోలేదు. అడక్కపోతే యంత్రం మొదటి పంక్తినే తెరుస్తుంది. అది కొత్తది, దాంట్లో మీ పాత తెలుగు ఫాంట్లు లేవు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు గుణింతాలు కూర్చారు. ఫాంటు లేకపోతే కనపడేది ఇదే," అంది.

తర్వాత అదే చోట ఎడిట్ అనేది నొక్కి, బూట్.ఐఎన్ఐ అనే చిన్న దస్త్రం తెరిచింది. ముందు దానికి వొక నకలు తీసింది. పార్టిషన్ 1 అన్నది పాతదీ, 2 అన్నది కొత్తదీ అని పోల్చి, కొటేషను గుర్తుల మధ్యనున్న పేర్లను ఇంగ్లీషు అక్షరాలతోనే వేరువేరుగా మార్చింది. డిఫాల్ట్ అన్నచోట పాతదాన్ని పెట్టింది. సమయం మాత్రం 0 వద్దని 5 సెకండ్లు వుంచింది. "ఒకటి చెడితే రెండోదాంట్లోకి వెళ్ళే దారి వుండాలి కదా" అని దాని వాదన.

యిది మా యంత్రానికే పరిమితమైన గొడవ కాదు. 2011నుంచి తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకిచ్చిన లాప్‌టాప్‌లలోనూ విండోస్‌తోబాటు చెన్నై సి-డాక్ వారి బాస్ లినక్స్ కూడా పెట్టిన రోజులున్నాయి. మీ యింట్లో అలాంటిది వుంటే, అక్కర్లేదనిపించిన పంక్తి తీసేసేముందు పిల్లల ఫొటోలూ, చదువు కాగితాలూ దేనిలో వున్నాయో చూసుకోండి. విస్టా మొదలు విండోస్‌లో బూట్.ఐఎన్ఐ లేదుగాని, సమయం మార్చే చోటు మాత్రం అదే.

ఆ రాత్రే వూళ్ళ పట్టికకు రెండు నకళ్ళు తీశాం, కాగితంమీదా అచ్చువేశాం. కాగితం తెరవడానికి యే మీటా నొక్కక్కర్లేదు. ఆఫీసు బల్లమీద వుంటుంది. వచ్చినప్పుడు మీ వూరి పేరు సరిచూసుకోండి. యింట్లో పెద్దలుంటే, వారిని యిప్పుడే అడగండి.