నీమోగారి మకాం

2003 నాటి 'ఫైండింగ్ నీమో' చూసినవాళ్ళెవరికైనా ఆ బుల్లి హీరోని ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. నాలుగేళ్ళు గప్పీల్ని పెంచానన్న ధీమా ఒకటి! సముద్రపు చేపలకని అమ్మే ఉప్పు లీటరుకి 35 గ్రాముల లెక్కన కలిపి, సాయంత్రానికల్లా క్లౌన్ ఫిష్‌ని తొట్టిలో దింపేశాను. మూడో రోజున శుభం కార్డు పడింది.

నేరం నాదే. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ళమీదా ఇసుకలోనూ కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీళ్ళ తొట్టికీ ఇదే సూత్రం. కాకపోతే గప్పీలు మొండిఘటాలు, నా తొందరని భరించాయి, పాపం!

రెండోసారి చిటికెడు చేపల మేత కుళ్ళబెట్టి, ఆరు వారాలు ఖాళీ తొట్టికేసి చూస్తూ కూర్చున్నాను. చూసినవాళ్ళు నవ్వారు. ఆవిరయ్యేది నీళ్ళేగానీ ఉప్పు కాదు గనక, తగ్గినమేరకు శుద్ధి చేసిన మంచినీళ్ళే పోశాను. ఇప్పుడు జంట హాయిగా ఉంది.

అన్నట్టు, ఇవన్నీ పుట్టుకతో మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ లెక్కన భార్య పోయాక నీమో నాన్నగారు అమ్మగారైపోవాలి. ఆ సీను పిక్సార్ వారు రాసుకోలేదు మరి!