మోటారు ముచ్చట: నాలుగు చక్రాల ధీమా

మా మేనల్లుడు కొత్తగా కొన్న పందెపు జాతి చిన్న కారులో, భార్యాబిడ్డలతో పట్నం నుంచి ఎలవూరు వచ్చాడు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుందట.

"వానలోనూ జారదు మామయ్యా!"

కదిలేటప్పుడు నిజమే. బ్రేకు మాత్రం ఏ కారుకైనా నాలుగు చక్రాలకే గదా! రోడ్డును పట్టేది టైరు. దారిలోని షోలవరంలో ఒకప్పుడు విమానాల బాటపై కార్ల పందేలు జరిగేవి. వీడికింకా ఆ గాలే!

వెనక టైర్ల గాళ్లు అరిగాయి. చట్టానికి 1.6 మిల్లీమీటర్ల లోతు చాలు. కార్తీకపు వానకు చాలదు. నీటిని తోసెయ్యలేని టైరు నీటిమీద తేలుతుంది. రెండే మారుస్తానన్నాడు. ఈ బండికి నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల కావాలి. చుట్టుకొలత తేడా వస్తే ముందు వెనుక ఇరుసులను కలిపే యంత్రం వేడెక్కి చెడుతుంది.

ధర విని నోరెళ్లబెట్టాడు. సగం నేనిస్తానన్నాను. ముగ్గురూ లోకల్ రైల్లో వెళ్లారు. కారు మా వేపచెట్టు కింద ఉంది.