సుత్తి వెతకడానికి తెచ్చిన మిషను

మెటల్ డిటెక్టర్ అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది రాత్రిపూట ఊరి బయట ఆగిన కారు, టార్చిలైట్లు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ. తెల్లారి చూస్తే పాడుబడ్డ గుడి ముందు నిలువెత్తు గుంత. గట్టు మీది వీరగల్లు పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. పక్క చేనులో వేరుశనగ మొక్కలు మట్టి కుప్పల కింద పడి ఉంటాయి. పోలీసులు పట్టుకుంటే పేపర్లో ఫోటో వస్తుంది: నలుగురు మనుషులు, ఒక స్వామి, రెండు గడ్డపారలు, ఒక మిషను. ఆ ఫోటోలో చేను యజమాని ఉండడు. గుంత పూడ్చుకునేది మాత్రం అతనే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నిధి కోసం ఆ మిషను ఎవరు తెచ్చినా చేనులోకి రానివ్వకూడదు. మన పనుల కోసం మాత్రం దాన్ని మనమే, పట్టపగలు, సంఘం పేరున తెచ్చుకోవాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం అనిపించవచ్చు. మిషను ఏం చేయగలదో తెలిస్తే అలా అనిపించదు.

కర్రకు కింద పళ్లెంలాంటిది ఉంటుంది కదా, అందులో రాగి తీగ చుట్ట ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఆ చుట్టలో అటూ ఇటూ మారుతూ పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం మట్టిలోని లోహాన్ని తాకితే ఆ లోహంలో చిన్న కరెంటు సుళ్లు తిరుగుతుంది. దాని జాడను మిషను పట్టుకుని కూత పెడుతుంది. అంతకు మించి అందులో ఏ మహిమా లేదు. అది బంగారాన్ని గుర్తుపట్టదు, లోహాన్ని గుర్తుపడుతుంది. కూత తేడాను బట్టి ఇనుమా, ఇంకొకటా అని కొంత పోల్చుకోవచ్చు. కానీ చిన్న బంగారు ముక్కకూ, మాత్రల రేకు ముక్కకూ కూత దాదాపు ఒకేలా ఉంటుంది. మన చేలల్లో ఏది ఎక్కువ దొరుకుతుందో చెప్పనక్కర్లేదు. సీసా మూతలు, కల్టివేటర్ బోల్టులు, తెగిన తీగలు, అరిగిన కొడవలి ముక్కలు. పైగా ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో మట్టే మిషనును తికమక పెడుతుంది. నేలకు తగ్గట్టు మిషనును సరిచేసుకోకపోతే ఏమీ లేనిచోట కూడా మోగుతుంది.

లోతు సంగతి మరీ ముఖ్యం. మామూలు చేతి మిషనుకు రూపాయి బిళ్ల అంత వస్తువు జానెడు లోతు దాటితే అందడం కష్టం. బిందె అంతది అయితే ఇంకొంత కిందున్నా తెలుస్తుంది. అంతేగానీ ముప్పై అడుగుల కింద ఏడు బిందెలున్నాయని చేతి మిషను పట్టుకుని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడు. రాగి కడ్డీలు రెండు పట్టుకుని తిరిగేవాళ్ల గురించి మాట్లాడడం కూడా దండగ.

తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు వైపు రైతులకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. తొలకరి పడిందంటే ఎక్కడెక్కడి జనమో అక్కడి ఎర్రచేలల్లో వజ్రాల కోసం దిగుతారు. దుక్కి చేసిన నేల తొక్కిడికి గట్టిపడుతుంది, విత్తనం వేసే అదును దాటిపోతుంది. వజ్రం లోహం కాదు, బొగ్గుకు చుట్టం. మెటల్ డిటెక్టర్‌ను దాని మీద పెట్టినా కూయదు. వజ్రాలు చూపిస్తానని ఎవరైనా ఈ మిషను తెస్తే గట్టు మీదే ఆపండి.

నిధుల ఆశకు చదువుకున్నవాళ్లూ, ప్రభుత్వాలూ అతీతం కాదు. 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలో కనిపించింది. భూగర్భ శాఖవారు పరికరాలు పెట్టి చూసి కింద ఏదో ఉండవచ్చన్నారు. పురావస్తు శాఖ తవ్వింది. బంగారం లేదు. 2017 చివర్లో మన తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని సర్కారు అనుమతితోనే తవ్వకాలు జరిగాయి. అక్కడా ఎముకలు, ఇటుకల్లాంటివే తప్ప చెప్పుకోదగ్గది బయటపడలేదు. అంత బలగం ఉన్నవాళ్ల గతే అది.

రైతును నిజంగా ముంచేది గుంత కాదు, కాగితం. పగటిపూట మర్యాదగా వచ్చేవాళ్లు స్టాంపు పేపరు తెస్తారు. దొరికినదాంట్లో నీకింత, మాకింత, ముందు పూజ ఖర్చుకు ఇంత అని. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం మట్టిలో పది రూపాయలు దాటిన విలువైనది ఏది దొరికినా, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే అతని వాటా ప్రభుత్వపరం అవుతుంది, ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. దాచడానికి తోడ్పడితే భూమి యజమానికీ ఆరు నెలల వరకు శిక్ష ఉంది, అతని వాటా కూడా పోతుంది. తెలిపితే కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకు తగ్గకుండా గడువు పెట్టి, హక్కుదారులను పిలిచి విచారిస్తాడు. దాచిన అసలు మనిషి తరపున ఎవరూ తేలకపోతే ముప్పాతిక భాగం దొరికినవాడిది, పాతిక భాగం నేల యజమానిది. ఇద్దరి మధ్య ముందే ఒప్పందం ఉంటే మాత్రం ఆ ఒప్పందమే చెల్లుతుంది.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. ఒప్పందం లేకుండా మన నాగలికి మన చేలో తగిలితే దొరికినవాళ్లమూ మనమే, యజమానులమూ మనమే. కౌలు రైతు దుక్కి దున్నుతుంటే తగిలితే, దొరికినవాడు కౌలు రైతే. పట్టా లేకపోయినా, కౌలు కార్డు లేకపోయినా ముప్పాతిక అతనిది. పంట నష్టపరిహారం దగ్గర పేరే లేని మనిషికి, దేశంలో ఒక పాత చట్టం ఇంత ఇస్తుందని మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? అదే కౌలు రైతుతో ఎవడో స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించుకుంటే చట్టం ఇచ్చింది కాగితం లాగేసుకోవచ్చు. సంతకం పెట్టకపోవడమే అందరికీ మేలు.

ఇక ఈ చట్టంలో రైతుకు జరిగే అన్యాయం ధర దగ్గర ఉంది. దొరికినదాన్ని ప్రభుత్వం తీసుకోదలచుకుంటే అందులోని లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. విజయనగర కాలపు నాణెమైనా తూకానికే. చరిత్ర విలువకు పైసా లేదు. అందుకే దొరికిన కుండ తహశీల్దారు దగ్గరికి పోకుండా కంసాలి కుంపట్లోకి పోతోంది. దొంగతనం అని రైతును తిట్టే ముందు ఆ ధరను సరిచేయాలి.

సరిచేస్తే ఏమవుతుందో తెలియాలంటే ఇంగ్లండు వైపు చూడాలి. 1992 నవంబరులో సఫోక్ జిల్లా హాక్స్‌నే గ్రామంలో ఒక కౌలు రైతు చేలో సుత్తి పారేసుకున్నాడు. మిషను ఉన్న తెలిసినాయనను పిలిచి కాస్త వెతికిపెట్టమన్నాడు. మిషను మోగింది. తీసిచూస్తే వెండి గరిటెలు, బంగారు గొలుసులు, నాణేలు. ఆ మనిషి గబగబా తవ్వేయలేదు. ఆపి అధికారులకు చెప్పాడు. పురావస్తు నిపుణులు వచ్చి ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటూ మట్టిగడ్డలతో సహా తీశారు. సుమారు పదిహేను వేల రోమన్ నాణేలు, దాదాపు పదహారు వందల ఏళ్ల నాటివి. బహుమానంగా 17 లక్షల 50 వేల పౌండ్లు ఇచ్చారు. అప్పటి చట్టం ప్రకారం అది దొరికినవాడికే చెందుతుంది, అయినా ఆయన కౌలు రైతుకు వాటా ఇచ్చాడు. సుత్తి కూడా దొరికింది. అది ఇప్పుడు నాణేలతోపాటు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది!

తర్వాత 1996లో వాళ్లు చట్టం మార్చుకున్నారు. ఇప్పుడు అక్కడ నిపుణులు మార్కెట్ ధర కడతారు, మామూలుగా దాన్ని దొరికినవాడికీ భూమి గలవాడికీ చెరిసగం పంచుతారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక రైతు పొలంలో బయటపడ్డ బంగారానికి 32 లక్షల 85 వేల పౌండ్లు కట్టి అలాగే పంచారు. ఇంగ్లండును మెచ్చుకోవాలని నాకేం సరదా లేదు, మన దగ్గర తవ్వి పట్టుకుపోయింది వాళ్లే. కానీ 1878 చట్టాన్ని మనకు తగిలించిన దేశం తన చట్టాన్ని మార్చుకుంది, మనం దాన్నే పట్టుకుని ఉన్నాం.

ఆ రైతు మిషనును పిలిచింది సుత్తి కోసం. మనకూ దాని అవసరం అక్కడే ఉంది. విత్తే అదునులో గొర్రు బోల్టు ఊడి మట్టిలో పడితే ఒక పూట పోతుంది. గడ్డిలో పడ్డ ఇనుప ముక్క చాప్‌కట్టర్ బ్లేడును పళ్లు ఊడగొడుతుంది. విదేశాల్లో మేత కోసే పెద్ద యంత్రాల్లో ఇనుము వస్తే ఆగిపోయేలా డిటెక్టర్ లోపలే అమర్చి ఉంటుంది. వెతకడం కూడా ఒక పనితనమే. అదే రకం బోల్టును ఇంకోటి నేల మీద పడేసి దాని కూత ఎలా ఉందో ముందు వినాలి. పళ్లేన్ని నేలకు బెత్తెడు ఎత్తులో చదరంగా ఉంచి, కలుపు తీసినట్టు సాలు వెంబడి నెమ్మదిగా, ఒక ఊపు మీద ఇంకో ఊపు కొంత పడేలా తిప్పాలి. మోగినచోట అడ్డంగా ఇంకోసారి తిప్పితే సరిగ్గా ఎక్కడో తెలుస్తుంది. గడ్డపార కాదు, తొలిక చాలు.

అంతకన్నా పెద్ద పని పశువుల దగ్గర. ఆవు, గేదె మేతను ఏరుకుని తినవు, నమలకుండానే మింగుతాయి. సెంట్రింగ్ పనిలో మిగిలిన బైండింగ్ తీగ, టైరు కాల్చగా మిగిలిన తీగ, గోనెసంచి కుట్టిన దబ్బనం, మేకు మేతతోపాటు లోపలికి పోతాయి. బరువైన ఇనుము తేనెపట్టులాంటి గోడలున్న రెండో కడుపులో ఆగుతుంది. ఆ కడుపుకూ గుండెకూ మధ్య ఉండేది ఒక పలుచటి పొర. కడుపు ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటుంది. పశువు మేత మానేస్తుంది, పాలు ఒక్కసారిగా తగ్గుతాయి, వీపు వంచి మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది, పల్లానికి దిగడానికి జంకుతుంది. గంగడోలుకు నీరు దిగేసరికి చాలావరకు చేయి దాటిపోతుంది. దిష్టి తీయించి, నాటుమందు పోయించి రోజులు గడిపేస్తాం. పాడి మీద తీసుకున్న బ్యాంకు అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ముందు కాళ్ల వెనక, రొమ్ముకు ఎడమవైపు కిందిభాగంలో డిటెక్టర్ పెట్టి చూస్తే లోపల లోహం ఉందో లేదో తెలిసే వీలుంది. గొలుసు, గిట్టల దగ్గర పడ్డ ఇనుము ముందు తీసేయాలి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తెస్తే, మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డుపడి తూటా జాడ తెలియలేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇనుము ఉన్నంత మాత్రాన జబ్బు అదే అనుకోకూడదు. ఇనుము మింగి హాయిగా తిరిగే పశువులూ ఉంటాయి. కూతను లక్షణాలతో కలిపి చూసి నిర్ణయించాల్సింది డాక్టరే. జబ్బు రాకముందే నున్నటి అయస్కాంతం బిళ్లను గొంతు ద్వారా మింగిస్తే అది ఆ రెండో కడుపులోనే ఉండిపోయి ఇనుప ముక్కలను తనకు అతికించుకుంటుంది. ఇది కూడా ఆసుపత్రిలో డాక్టరు చేత చేయించుకోవాల్సిన పనే.

అందుకని వచ్చే మండల మహాసభల్లో ఈ డిమాండ్లు తీర్మానంగా పెట్టాలని కోరుతున్నాను. ప్రతి పశువుల ఆసుపత్రిలో ఒక మెటల్ డిటెక్టర్, కావలసినన్ని అయస్కాంతం బిళ్లలు ఉండాలి. యంత్ర పరికరాలు అద్దెకిచ్చే కేంద్రాల్లో ఇంకో మిషను పెట్టి, ఎవరు ఏ పనికి ఏ సర్వే నంబరులోకి తీసుకెళ్లారో రిజిస్టరులో రాయాలి. నిధుల చట్టంలో లోహం ధర తీసేసి మార్కెట్ ధర పెట్టాలి. నిధి వేటగాళ్లు చేను పాడుచేస్తే, నేరం కేసు సంగతి ఎలా ఉన్నా, పంట నష్టాన్ని వాళ్ల నుంచి వసూలు చేసి సాగుదారు చేతికి ఇప్పించాలి. పట్టాదారుకు కాదు, ఆ ఏడాది విత్తనం వేసినవాడికి.

ఈలోగా ఎవరి చేలోనైనా పాత వస్తువు తగిలితే తవ్వడం ఆపండి, ఫోటో తీయండి, తేదీ, స్థలం రాసుకోండి, ఇద్దరు ఊరివాళ్లను సాక్షులుగా పెట్టుకుని తహశీల్దారు ద్వారా కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. దాని జిరాక్సు ఒకటి సంఘం ఆఫీసులో ఇవ్వండి.