గరిటె ఒకరిది, సంతకం ఒకరిది

పవర్ ఆఫ్ అటార్నీ అనగానే మనవాళ్లకు స్థలాల బేరం గుర్తుకొస్తుంది. ఆ కాగితం ఒక్కటీ చూపించి ఆస్తి మీద హక్కు సంక్రమించిందనడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ఆ తర్వాత దాని పేరు చెబితేనే అనుమానంగా చూసేవారూ వున్నారు. నిజానికి ఆ కాగితం చెప్పేది చిన్న సంగతి: "నా బదులు ఈయన సంతకం పెడితే నేను పెట్టినట్టే" అని. దాని అవసరం స్థలాలున్న వారికన్నా రెక్కల కష్టం మీద బతికేవారికే ఎక్కువని నా వుద్దేశం.

మా పేటలో ఒక వంటాయన వున్నారు. కేటరింగ్ కంపెనీ ఏమీ లేదు, ఆయన చెయ్యే ఆయన వ్యాపారం. నాలుగిళ్లలో రోజువారీ వంట. ముహూర్తాల్లో సీమంతాలూ, షష్టిపూర్తులూ. కింద ముగ్గురు మనుషులు. కిరాణా కొట్లో ఖాతా, గ్యాసు బండలు, అద్దె గుండిగలు, ముందుగా పుచ్చుకున్న బయానాలు సరేసరి. గుండెకు ఆపరేషను చేయాలనీ, రెండు నెలలు గరిటె ముట్టకూడదనీ డాక్టర్లు చెప్పారు. అమెరికాలో వున్న పెద్దమ్మాయి పవరు నమూనా ఒకటి పంపింది. మేనల్లుడి పేరు రాసి సంతకం పెట్టేస్తే సరిపోతుందట.

"చూడండి ప్లీడరుగారూ, నాకు తెలివి తప్పినా యిది పనిచేస్తుందిట" అన్నారు.

"అమెరికాలో చేస్తుంది మాస్టారూ" అన్నాను.

అక్కడి చట్టాలు అటువంటి పవరును ఒప్పుకుంటాయి. ఇంగ్లండులో 1985లోనే అందుకు చట్టం చేశారు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను వేరు. రాసిచ్చినవారు మరణించినా, వారికి మతి చలించినా ఆ అధికారం అక్కడితో సరి. 'అయిననూ చెల్లును' అని ఎంత లావు అక్షరాలతో రాయించుకున్నా యిటువంటి పవరును నిలబెట్టదు. ఏ రోజు కోసం రాయించుకున్నామో ఆ రోజే అది పనికిమాలిన కాగితమవుతుందన్న మాట! కోమాలో వున్నవారి వ్యవహారాలు చూడడానికి సంరక్షకులను నియమించమని యింటివారు హైకోర్టుకు వెళ్లవలసి వస్తోంది. కేరళ హైకోర్టు 2019లో యిందుకు మార్గదర్శకాలు కూడా యిచ్చింది. బాగానే వుంది గాని, గుండిగల అద్దె కట్టడానికి హైకోర్టు మెట్లెక్కేదెవరండీ?

అల్లా అని పవరు దండగ అనను. మంచం మీద వున్నా మాస్టారు తెలివిగా వున్నంతకాలం అది నిక్షేపంగా పనిచేస్తుంది. 'నా సర్వ వ్యవహారములూ' అని రాయించే అలవాటు మాత్రం నాకు గిట్టదు. ఏ ఖాతాలోంచి ఎంతవరకు చెక్కు రాయవచ్చు, ఎవరి బయానా తిరిగి యివ్వవచ్చు, పనివాళ్ల జీతాలెంత - యివి రాస్తే చాలు. అప్పు తెచ్చే అధికారం, యిల్లు తాకట్టు పెట్టే అధికారం వద్దు. అడిగినప్పుడు లెక్క చెప్పాలని చట్టంలోనే వుంది. మేనల్లుడు బంగారంలాంటి వాడే. లెక్క అడిగినందువల్ల బంగారం కరిగిపోదు.

వంటకు సంబంధించిన చిక్కు మరొకటి వుంది. ఫలానావారే స్వయంగా చేయాలన్న వుద్దేశంతో కుదిరిన పని ఆయనే చేయాలంటుంది 40వ సెక్షను. చట్టంలో యిచ్చిన వుదాహరణ చిత్రకారుడిది. మా మాస్టారి పులిహోరకూ అదే వర్తిస్తుందని నేనంటాను. పెళ్లివారు బయానా యిచ్చింది ఆయన చేతికి. పవరుతో సంతకం చేతులు మారుతుంది గాని, పోపు వేసే చెయ్యి మారదు. కాబట్టి ఆస్పత్రికి వెళ్లేలోగా అందరికీ ఆయనే ఫోను చేసి, మేనల్లుడు వండితే సమ్మతమేనా అని అడగాలి. కాదన్నవారికి డబ్బు తిరిగి యిచ్చెయ్యాలి.

మరి తెలివి తప్పితే? అందుకు నాకు కనిపించే దారి భాగస్వామ్యం. 1932 నాటి చట్టం ప్రకారం ఒక భాగస్వామికి మతి చలించినంత మాత్రాన ఫర్ము దానంతటది రద్దుకాదు, కోర్టు రద్దుచేయాలి. అందాకా రెండోవారు వ్యాపారం నడపవచ్చు. మరణిస్తే యిద్దరి ఫర్ము ముగుస్తుంది. దానికి వీలునామా వేరే రాసుకోవాలి. ఫర్మును రిజిస్టరు చేయించడం మరవకూడదు. లేకపోతే వూరివాళ్ల దగ్గర రావలసిన బాకీలకు ఫర్ము దావా వేయడానికి వీలుండదు.

మాస్టారికి యిది రుచించలేదు. "నలభైయేళ్లు పొయ్యి దగ్గర మాడి తెచ్చుకున్న పేరులో వాటానా?" అన్నారు. ఆ బాధ నాకు తెలియకపోలేదు. కాని ఆ మేనల్లుడూ ఆ పొయ్యి దగ్గరే మాడుతున్నాడు కదా! వాటా ఎంతన్నది వారు తేల్చుకోవలసిన విషయం.

ఇంటికి తిరిగొచ్చాక పవరును వెనక్కు తీసుకునే సంగతి కూడా చెప్పాను. కాగితం చింపేసి వూరుకుంటే చాలదు. రద్దు చేసినట్టు బ్యాంకుకూ, కొట్టుకూ రాతపూర్వకంగా తెలపాలి. ఆ సంగతి కిరాణా కొట్టాయనకు తెలియనంతవరకు మేనల్లుడు ఖాతా మీద తెచ్చిన నూనె డబ్బాల బాకీ మాస్టారిదే.