99.9% అని చూపించే డాష్‌బోర్డ్‌ని నేనైతే నమ్మను

ఇక్కడ ఫోన్ సిగ్నల్ బార్ల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఫోన్ కాదు, గ్యాస్ బావుల దగ్గర, పైపులైన్ల మీద బిగించే వైర్‌లెస్ ప్రెజర్ సెన్సర్ల సంగతి. మాది అమలాపురం వైపు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోవడం, ఇవేవీ మా దగ్గర పాత వార్తలు కావు. వైర్‌లెస్ సెన్సర్లు ఉంటే అవి ఆగేవని నేను అనట్లేదు. కానీ ఇలాంటి చోట పెట్టే నెట్‌వర్క్‌ని వైఫై రౌటర్‌లా రివ్యూ చేస్తే కుదరదు.

వైర్‌లెస్‌హార్ట్‌లో ప్రతి సెన్సర్ నేరుగా గేట్‌వేతో మాట్లాడక్కర్లేదు. పక్క సెన్సర్‌కి అందిస్తే అది ముందుకి పంపిస్తుంది. ప్యాకెట్ పోతే వేరే ఛానెల్లో, వేరే దారిలో మళ్ళీ ట్రై చేస్తుంది. మంచిదే. అయితే ఆ రీట్రైలే జబ్బుని దాచేస్తాయి. స్క్రీన్ మీద మాత్రం పచ్చ చుక్క, పక్కనే 99.9%.

లెక్క చూడండి. 30 సెన్సర్లు, నిమిషానికో రీడింగ్. రోజుకి 43,200. అందులో 0.1 శాతం అంటే 43 రీడింగులు. అవన్నీ ఒకే సెన్సర్‌వి, వరసగా పోయాయనుకోండి. ఒక చోట ముప్పావు గంట చీకటి, సగటు మాత్రం 99.9 శాతమే!

అందుకే నేను సగటు చూడను. ఏ సెన్సర్‌కి పక్కవాళ్ళు ఎంతమంది, రోజుకి ఎన్నిసార్లు దారి మారింది, ఎన్ని రీట్రైలు పడ్డాయి, ఇవి చూస్తా. అన్ని దారులూ ఒకే సెన్సర్ మీంచి పోతున్నాయా అన్నది మరీ ముఖ్యం. మాకు కాకినాడ వెళ్ళడానికి ఎదుర్లంక వంతెన ఉంది, అది కాకపోతే రావులపాలెం మీంచి చుట్టు తిరిగి పోతాం. రెండోది లేకపోతే? పైగా అందరి మోతా మోసే ఆ సెన్సర్ బ్యాటరీయే ముందు అయిపోతుంది.

ఇంకోటి, కొబ్బరి తోటలు. ఇవి నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. తడిసిన ఆకులు ఆ సిగ్నల్‌ని బాగా తినేస్తాయి. మే నెల ఎండలో టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇస్తే దేనికి పనికొస్తుంది? ముసురు పట్టిన వారం లాగ్ అడగండి. దాంతోపాటు మీ ఎదురుగానే మధ్యలో ఒక సెన్సర్‌ని ఆపమనండి, మిగతావాటి డేటా ఎన్ని సెకన్లలో మళ్ళీ వస్తుందో ఫోన్ స్టాప్‌వాచ్‌లో మీరే చూసుకోండి.